ముంద్రా కంటైనర్‌కి విజయవాడ అడ్రస్! ఇన్ని దేశాలు సంతకాలు పెట్టినా డ్రగ్స్ ఎందుకు ఆగట్లేదు?

బెజవాడ_కుర్రోడు (సోమవారం, రాత్రి 9:12)

గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. మత్తు పదార్థాల నియంత్రణలో దేశాల మధ్య సహకారం గురించి నోట్స్ రాసుకుంటున్నా. 1961 ఒప్పందం, 1971 ఒప్పందం, 1988 ఒప్పందం, వియన్నాలో ఐక్యరాజ్యసమితి ఆఫీసు... బట్టీ పట్టడానికి బాగానే ఉంది. నాకు అర్థం కానిది వేరే. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెండు కంటైనర్లలో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ దొరికింది, గుర్తుందా? సరుకు అఫ్గానిస్తాన్‌ది. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి ఓడెక్కింది. కాగితాల్లో మాత్రం ‘టాల్క్ రాళ్ళు’ అని ఉంది. తెప్పించుకున్న సంస్థ అడ్రస్ మా విజయవాడది! ఆ రోజు మా అమ్మ టీవీ ముందు కూర్చుని "మన ఊరి పేరు ఎందుకు చెప్తున్నార్రా" అని ఒకటే కంగారు.

మూడు ఒప్పందాల మీదా దాదాపు అన్ని దేశాలూ సంతకం పెట్టాయి. మరి టన్నుల లెక్కన ఎలా వస్తోంది? తెలిసినవాళ్ళు చెప్పండి. పుస్తకాల్లో ఉన్నది కాదు, అసలు జరిగేది.

కోపదారి (రాత్రి 9:20)

అందరూ లంచాలు తింటున్నారు కాబట్టి ఆగట్లేదు తమ్ముడూ. థ్రెడ్ మూసేయండి.

రేవు_రాజు (రాత్రి 10:05)

కోపదారి గారూ, మీరు ప్రతి థ్రెడ్‌లోనూ ఇదే రాస్తారు :)

నేను విశాఖలో ఒక క్లియరింగ్ ఏజెంట్ దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను. తమ్ముడికి నేను చూసింది చెప్తాను. కంటైనర్ కంటే ముందు కాగితం వస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం) ఫైల్ చేయగానే కంప్యూటర్ దానికి మార్కులు వేస్తుంది. పాత పార్టీనా కొత్తదా, సరుకేంటి, ఏ దేశం నుంచి, ఇలా. అనుమానం వస్తేనే స్కానింగ్, ఇంకా అనుమానం వస్తేనే సీలు తెరవడం. ప్రపంచం మొత్తం మీద నూటికి రెండు కంటైనర్లు కూడా తెరిచి చూడరు. అన్నీ తెరిస్తే మీ ఇంటికి ఫోనూ రాదు, ఫ్యాక్టరీకి ముడిసరుకూ రాదు.

ముంద్రా సంగతే చూడండి. విజయవాడ అడ్రస్ ఉన్న కంపెనీ పక్కనే ఉన్న కృష్ణపట్నం, విశాఖ, చెన్నై వదిలేసి టాల్క్ రాళ్ళని గుజరాత్‌లో ఎందుకు దించుకుంటుంది? రాళ్ళ ఖరీదెంత, లారీ కిరాయి ఎంత? మా ఆఫీసులో కుర్ర గుమాస్తాకి కూడా రావాల్సిన డౌటు అది. విజయవాడది కాగితం మీద అడ్రసేనని, నడిపినవాళ్ళు చెన్నైలో ఉన్నారని తర్వాత పేపర్లలో వచ్చింది.

ఇక దేశాల సహకారం అంటే మా రేవులో అర్థం ఒకటే. అవతలి దేశం నుంచి "ఫలానా నంబరు కంటైనర్ చూడండి" అని ఒక్క లైను ముందుగా రావడం. ఐక్యరాజ్యసమితి, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి 2004 నుంచి కంటైనర్ల మీద ఒక కార్యక్రమం నడుపుతున్నాయి. రేవుల్లో చిన్న చిన్న బృందాలకి శిక్షణ ఇచ్చి, వాళ్ళు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునేలా చేశాయి. రాయబారి ఉత్తరం రాసి జవాబు వచ్చేలోపు కంటైనర్ గోడౌన్‌కి వెళ్ళి ఖాళీ అయిపోతుంది మరి.

కోపదారి (రాత్రి 10:11)

మీ విశాఖలోనే 2024లో 25 టన్నుల డ్రగ్స్ దొరికాయి కదా రాజు గారూ? అప్పుడు ఎవరి డౌటు పనిచేసింది?

రేవు_రాజు (రాత్రి 10:34)

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నా. బ్రెజిల్‌లోని సాంటోస్ రేవు నుంచి వచ్చిన కంటైనర్ అది. రొయ్యల మేతలో కలిపే ఎండు ఈస్ట్, ఒక్కోటి 25 కిలోల చొప్పున వెయ్యి బస్తాలు. ఇంటర్‌పోల్ సమాచారం ఇచ్చింది, సీబీఐ వచ్చింది. అక్కడికక్కడ కిట్‌తో చేసిన పరీక్షలో మత్తు పదార్థం ఆనవాళ్ళు కనిపించాయన్నారు. ఎన్నికల ముందు కదా, రెండు పార్టీల వాళ్ళూ ఒకరి మీద ఒకరు బురద చల్లుకున్నారు. ఆ ఏడాది చివరికి ల్యాబ్ రిపోర్టుల్లో డ్రగ్స్ ఏమీ లేవని తేలింది. మొదటి వార్త పేజీ నిండా వచ్చింది. రెండోది లోపల ఎక్కడో. మీలాంటివారికి మొదటిదే గుర్తుండిపోయింది, తప్పు మీది కాదు.

సమాచారం రావడం ఎంత ముఖ్యమో, వచ్చిన సమాచారం తప్పయితే ఆ బరువు ఎవరు మోయాలన్నదీ అంతే ముఖ్యం. దాని గురించి మాత్రం ఏ మీటింగులోనూ మాట్లాడరు.

షార్జా_సత్తి (రాత్రి 11:48)

మీరంతా టన్నులు మాట్లాడుతున్నారు. నాది వంద గ్రాముల కథ. మాది జగిత్యాల దగ్గర. పోయినేడు మా రూమ్మేట్ ఊరి నుంచి వస్తుంటే వాళ్ళమ్మ మటన్‌లోకని గసగసాల పొట్లం సంచీలో పెట్టింది. ఇక్కడ ఎయిర్‌పోర్టులో ఆపేశారు. నాలుగు గంటలు కూర్చోబెట్టి, రాయించుకుని, పొట్లం తీసుకుని వదిలేశారు. వాడి అదృష్టం. మనిషి రూముకి వచ్చాక కూడా వణుకుతూనే ఉన్నాడు. మన కిరాణా షాపులో అమ్మేది ఇక్కడ మత్తుమందు ఎట్లయింది? ఒకే ఒప్పందం మీద రెండు దేశాలూ సంతకం పెట్టాయంటున్నారు కదా.

ఫార్మా_బాబాయ్ (మంగళవారం, ఉదయం 6:40)

సత్తీ, మంచి ప్రశ్న వేశావు. పొద్దున్నే టీ తాగుతూ రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

గసగసాలూ నల్లమందూ ఒకే కాయలోవి. పచ్చి కాయ మీద గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి నల్లమందు అవుతుంది. అందులోంచి మార్ఫిన్, మార్ఫిన్ నుంచి హెరాయిన్. కాయ ఎండాక లోపల ఉండే గింజలు గసగసాలు. గింజలో మత్తు లేదు కానీ పైన పాల మరక కొంచెం అంటుకుని ఉండొచ్చు. 1961 ఒప్పందం ఆ మొక్కలో గింజని మాత్రం వదిలేసి మిగతా భాగాలని కట్టడి చేసింది. కాబట్టి మనకి వంటింట్లో తప్పు లేదు. అయితే ఒప్పందం చెప్పేది కనీసం ఇంత చేయమని. అంతకంటే గట్టిగా ఉండాలనుకుంటే ఏ దేశమైనా ఉండొచ్చు. నువ్వుండే ఎమిరేట్స్ (యూఏఈ) అలా గసగసాలని నిషేధించింది.

ఇంకో తమాషా. మన దేశంలోకి గసగసాలు దిగుమతి చేసుకోవాలన్నా కాంట్రాక్టు గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. అదీ చట్టబద్ధంగా గసగసాల పంట పండించే టర్కీ లాంటి కొన్ని దేశాల నుంచే. రిజిస్ట్రేషన్లు ఆగితే కిరాణాలో రేటు ఎగురుతుంది. మీ ఆవిడ గసగసాలు మండిపోతున్నాయి అంటే ఒక్కోసారి కారణం గ్వాలియర్‌లో ఉంటుందన్నమాట.

ఇప్పుడు నా సొంత గోల. నేను హైదరాబాద్ శివార్లలో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లలో ఇరవై రెండేళ్ళు చేశాను. కుర్రోడు 1988 ఒప్పందం అన్నాడు కదా, అందులో 12వ అధికరణం మాలాంటివాళ్ళ కోసమే. హెరాయిన్ చేయాలంటే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కావాలి, మెత్ అనే మత్తుమందు చేయాలంటే ఎఫెడ్రిన్ లాంటివి. మొదటిది మందులకీ రంగులకీ వాడతాం, రెండోది జలుబు మందులకి. నిషేధిస్తే పరిశ్రమ మూతపడుతుంది, వదిలేస్తే దొంగల పాలవుతుంది. అందుకని కాపలా పెట్టారు. కొన్నవాడికీ అమ్మినవాడికీ రిజిస్ట్రేషన్, లెక్కలు, ఎగుమతికి గ్వాలియర్ నుంచి అనుమతి.

ఎగుమతి చేసేటప్పుడు అసలు సహకారం కనిపిస్తుంది. 2006 నుంచి ఒక ఆన్‌లైన్ పద్ధతి ఉంది. 160కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. మన ఆఫీసు వాళ్ళు అవతలి దేశం ఆఫీసుకి ముందే చెప్తారు: ఫలానా కంపెనీకి ఇన్ని కిలోలు వస్తోంది, ఆ కంపెనీ నిజంగా ఉందా, దానికి ఇంత అవసరమా? వాళ్ళు వద్దంటే ఆపేస్తాం. ఒకసారి మా డ్రమ్ములు మూడు వారాలు గోడౌన్‌లో ఆగాయి. కొన్నామన్న కంపెనీ ఆ అడ్రస్‌లో లేదు, అక్కడ టైర్ల షాపు ఉందని జవాబొచ్చింది. మా మేనేజరు ఆర్డరు పోయిందని ఏడ్చాడు. నాకు మాత్రం ఆ రాత్రి చల్లగా నిద్రపట్టింది.

కానీ అవతలి దేశం జవాబే ఇవ్వకపోతే? గడువు దాటాక సరుకు వెళ్ళిపోవచ్చు. కొన్ని దేశాల్లో ఆ మెసేజ్ చూసే మనిషే ఉండడు. పద్ధతి పెట్టిన ప్రతిచోటా కుర్చీలో మనిషి ఉన్నాడా అన్నదే నా ప్రశ్న.

బెజవాడ_కుర్రోడు (ఉదయం 7:15)

బాబాయ్ గారూ, దండం. టైర్ల షాపు సంగతి నోట్స్‌లో రాసేసుకున్నా. మరి జాబితాలో లేని కెమికల్ వాడితే?

ఫార్మా_బాబాయ్ (ఉదయం 7:58)

అదే ఇప్పుడు అసలు తలనొప్పి. అణువులో చిన్న తోక తగిలిస్తే అది వేరే పదార్థం, జాబితాలో ఉండదు. కొన్నాక తోక కత్తిరించి అసలుదాన్ని బయటికి తీస్తారు. ఫెంటనిల్‌నే తీసుకో, ల్యాబ్‌లో చేసే ఘాటైన నొప్పి మందు, మత్తుకీ వాడతారు. చైనా 2019 మేలో ఆ కుటుంబం మొత్తాన్నీ నిషేధించింది. దాంతో తయారైన మందుకి బదులు దాని ముడిసరుకు మెక్సికోకి వెళ్ళడం మొదలైంది. ముడిసరుకులో రెండింటిని వియన్నా 2017లోనే జాబితాలో పెట్టింది. దొంగలు వాటిని తయారుచేసే ముందు మెట్టు కెమికల్స్‌కి దిగారు. 2022లో ఇంకో మూడు కలిపారు. 2024 మార్చిలో ఒకేసారి 18 పదార్థాలు చేర్చారు, కొన్ని కుటుంబాల లెక్కన. ఇన్నాళ్ళకి కాస్త తెలివైన పని. అయినా జాబితా ఎప్పుడూ నడిచే వెళ్తుంది, వాళ్ళు బైక్ మీద పోతుంటారు.

మన దగ్గరికే రా. తెలంగాణ కల్లు కాంపౌండ్లలో కలిపే ఆల్ప్రాజోలం 1971 ఒప్పందం జాబితాలో ఉన్న మందే. వియన్నాలో రాసిన పేరు నిజామాబాద్ కల్లు కుండలో తేలుతోంది. దీనికి ఏ గోల్డెన్ ట్రయాంగిల్ (మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్ కలిసే నల్లమందు ప్రాంతం) నుంచీ దిగుమతి అక్కర్లేదు. మూతపడ్డ ఒక షెడ్డు, మాలాంటి చదువు చదివి బుద్ధి తప్పినవాడు ఒకడు చాలు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

షార్జా_సత్తి (ఉదయం 8:30)

బాబాయ్, ఇంకొకటి. నడుం నొప్పికి మా ఊళ్ళో డాక్టరు ట్రామడాల్ రాశాడు. ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

ఫార్మా_బాబాయ్ (ఉదయం 8:41)

వద్దు వద్దు. అక్కడి ఆరోగ్య శాఖ నుంచి ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోకుండా ఒక్క మాత్ర కూడా పెట్టుకోకు. చూడు, ఈ ట్రామడాల్ ఐక్యరాజ్యసమితి జాబితాల్లో దేనిలోనూ లేదు. మనమే 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం (మన 1985 నాటి మత్తు పదార్థాల చట్టం) కిందికి తెచ్చాం. మన ట్రామడాల్ పశ్చిమ ఆఫ్రికాకి అడ్డదారిన వెళ్తోందని చాలాకాలం గోల జరిగింది. ఎవరి జాబితా వాళ్ళది. ప్రయాణం చేసేవాడికే ముప్పు.

లాయర్_పద్మజ (మధ్యాహ్నం 1:20)

కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. కుర్రోడు బాబూ, నీ నోట్స్‌కి పనికొచ్చే ముక్క ఒకటి. 1961, 1971 ఒప్పందాలు ప్రధానంగా మందులకీ పరిశోధనకీ ఎంత కావాలో అంతే తయారవ్వాలని లెక్కలు చూసుకునేవి. దొంగని పట్టుకోవడం గురించి గట్టిగా మాట్లాడింది 1988దే. నేరస్తుల అప్పగింత, సాక్ష్యాలు ఇచ్చిపుచ్చుకోవడం, ఆస్తుల జప్తు. బ్యాంకు రహస్యం అంటూ ఏ దేశమూ సమాచారం దాచకూడదని అందులో స్పష్టంగా ఉంది. సరుకుని వెంటనే పట్టుకోకుండా, తెలిసి తెలిసి దాన్ని వెళ్ళనిచ్చి చివరి మనిషిని పట్టుకునే పద్ధతి కూడా అందులోదే. మన చట్టంలోకి అది 2001 సవరణతో 50ఎ సెక్షన్‌గా వచ్చింది.

కాగితం మీద అద్భుతం. నా అనుభవం వేరు. ఒక కేసులో విదేశీ కంపెనీ బ్యాంకు వివరాల కోసం మన కోర్టు నుంచి అక్కడి కోర్టుకి లేఖ వెళ్ళింది. అక్కడి భాషలోకి తర్జుమా, ఇక్కడి మంత్రిత్వ శాఖ, అక్కడి మంత్రిత్వ శాఖ... జవాబు వచ్చేసరికి మూడేళ్ళు. ఈలోపు లారీ డ్రైవరు జైల్లోనే ఉన్నాడు. 37వ సెక్షన్ ఉండగా పెద్ద మొత్తం దొరికిన కేసులో బెయిలు అంత తేలిగ్గా రాదు కదా. డబ్బు పెట్టినవాడి పేరు మా ఫైలులో ఇంకా ‘తెలియదు’ అనే ఉంది.

ఇంకో ఇబ్బంది శిక్షల తేడా. సింగపూర్‌లో అమ్మకానికి 500 గ్రాములకి మించి గంజాయి తెస్తే ఉరి. కెనడాలో 2018 నుంచి షాపులో కొనుక్కోవచ్చు. పోర్చుగల్‌లో 2001 నుంచి సొంత వాడకానికి కొంచెం ఉంటే అది నేరం కాదు. ఉరి పడే కేసులో సాక్ష్యం ఇవ్వడానికి యూరప్ దేశాలు ఒప్పుకోవు. 2020 డిసెంబరులో గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తీసేయాలని వియన్నాలో ఓటింగ్ పెడితే 27కి 25తో గట్టెక్కింది, ఒకరు ఓటెయ్యలేదు. మన దేశం తీసేయాలనే ఓటేసింది. అంతమాత్రాన ఇక్కడ గంజాయి చట్టబద్ధం అయిందనుకోకండి, నా దగ్గరికి కక్షిదారులుగా వస్తారు.

కోపదారి (మధ్యాహ్నం 1:32)

తాలిబాన్లు 2022 ఏప్రిల్‌లో నిషేధం అన్నారు, ఏడాదిలో నల్లమందు పంట నూటికి 95 వంతులు పోయింది. ఐక్యరాజ్యసమితి లెక్కే. ఒప్పందాలూ లేవు, వియన్నా లేదు. ఇప్పుడు చెప్పండి.

పాడేరు_మాస్టారు (సాయంత్రం 6:15)

చెప్తాను. 2022లో 2 లక్షల 33 వేల హెక్టార్లు ఉన్నది 2023లో 11 వేల లోపుకి వచ్చింది, నిజమే. అదే 2023లో మయన్మార్ వెయ్యి టన్నులు దాటించి నల్లమందులో మొదటి స్థానానికి ఎక్కింది. గాలి పోలేదండీ, బుడగ అటు ఉబ్బింది. అఫ్గాన్ రైతు ఏమయ్యాడో అడిగారా? ఎకరం గోధుమ పండిస్తే అప్పు తీరదు. మరుసటి ఏడాదికే పంట మళ్ళీ కొంచెం పెరిగింది.

నేను ముప్పై ఏళ్ళు ఏజెన్సీలో బడి చెప్పాను. మా పిల్లల్లో కొందరు గంజాయి మూటలు మోశారు. ‘శీలావతి’ అంటే బయటివాళ్ళకి ఒక గంజాయి రకం. ఇక్కడ అది అడ్వాన్సు ఇచ్చి వెళ్ళే షావుకారు పేరు లాంటిది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో పంట నరికించారు. కొన్ని ఊళ్ళలో రైతులే కత్తి పట్టి నరికారు. మంచిదే. కొంత పంట ఒడిశా గట్టుకి జరిగింది, దారి మాత్రం మా మీదుగానే.

థాయ్‌లాండ్ కథ చదవండి. ఉత్తర కొండల్లో నల్లమందు వేసుకునే గిరిజనులకి 1969లో రాజు పేరుతో ప్రాజెక్టు మొదలైంది. 1988లో దోయ్ తుంగ్ కొండ మీద కాఫీ, మకాడమియా గింజలు పెట్టించారు. ముందు రోడ్డు, బడి, ఆసుపత్రి. తర్వాతే పంట నరకడం. దానికి ముప్పై ఏళ్ళు పట్టింది, బయటి దేశాల డబ్బూ పట్టింది. మా కాఫీ కూడా అంతే. మొక్క నాటాక మూడు నాలుగేళ్ళు కాపు ఉండదు, నీడకి సిల్వర్ ఓక్ పెరగాలి, దాని మీదికి మిరియాల తీగ పాకాలి. గంజాయి ఆరు నెలల్లో చేతికొస్తుంది, కొనేవాడు గుమ్మంలోకే వస్తాడు. ఆ నాలుగేళ్ళు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో చెప్పే అధికరణం ఏ ఒప్పందంలో ఉందో లాయరమ్మ గారు వెతికి పెట్టాలి.

లాయర్_పద్మజ (సాయంత్రం 6:50)

1988 ఒప్పందం 14వ అధికరణంలో అక్రమ సాగుకి బదులు గిట్టుబాటయ్యే దారి చూపే గ్రామీణాభివృద్ధి అనే మాట ఉంది మాస్టారూ. ‘తగిన చోట్ల’ సహకరించుకోవచ్చు అంటుంది. అప్పగింత గురించి రాసినంత గట్టిగా లేదు. మీ కోపం న్యాయమే.

నర్స్_మేరీ (రాత్రి 9:05)

అందరూ పట్టుకోవడం గురించే రాస్తున్నారు. నేను క్యాన్సర్ రోగుల నొప్పి విభాగంలో పనిచేస్తాను. 1961 ఒప్పందం మొదటి పేజీలోనే నొప్పి తగ్గించడానికి ఈ మందులు తప్పనిసరి, అవి దొరికేలా చూడాలి అని ఉంది. చట్టబద్ధంగా నల్లమందు పాలు తీసి ఎగుమతి చేసే దేశం మనదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో లైసెన్సు రైతులు పండిస్తారు, నీమచ్, ఘాజీపూర్ ఫ్యాక్టరీలకి వెళ్తుంది, అక్కడి నుంచి విదేశాలకి. మన రోగికి మాత్రం మార్ఫిన్ మాత్ర దొరికేది కాదు. 1985 చట్టం వచ్చాక ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు, ఒకదాని గడువు తీరేలోపు ఇంకోటి. ఎవరికెందుకొచ్చిన గొడవ అని చాలామంది మానేశారు.

2014 సవరణతో ఒకే లైసెన్సు అయింది. అయినా జిల్లాల్లో చాలాచోట్ల డాక్టర్లకి భయం పోలేదు. పోయిన నెల ఒకాయన 140 కిలోమీటర్లు బస్సులో వచ్చారు, భార్యకి పది మిల్లీగ్రాముల మాత్రల కోసం. చీటీ చేతికిస్తుంటే "దీనికి పోలీసులు పట్టుకోరు కదమ్మా" అన్నారు.

బెజవాడ_కుర్రోడు (రాత్రి 9:40)

మేరీ గారూ, ఇది నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఒక్క లైను కూడా.

మాస్టారూ, బాబాయ్ గారూ, పద్మజ గారూ, రాజు గారూ, అందరికీ థాంక్స్. నోట్స్ చింపేసి కొత్తగా రాస్తున్నా. ఒప్పందాల పేర్లు ఒక పేరాలో పెట్టేసి, మిగతా పేజీలు జవాబివ్వని ఆఫీసు మీద, మూడేళ్ళు పట్టిన లేఖ మీద, కాఫీ కాపుకి రాని నాలుగేళ్ళ మీద. మార్కులు పడతాయో లేదో.

కోపదారి (రాత్రి 9:44)

పడవు. కానీ రాయి.

మోడరేటర్ (రాత్రి 10:30)

కోపదారి గారు మొదటిసారి ఎవరినైనా ప్రోత్సహించారు, గమనించగలరు. ఎక్కడైనా అమ్మకాలు జరుగుతున్నట్టు తెలిస్తే ఇక్కడ పేర్లు రాయకండి, 1933కి ఫోన్ చేయండి. మానేయాలనుకునేవాళ్ళకి 14446 ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే.

షార్జా_సత్తి (రాత్రి 11:55)

పొద్దున అమ్మకి ఫోన్ చేసి గసగసాల సంగతి చెప్పిన. నమ్మలేదు. "మీ నాయిన పెళ్ళిల వండిన మటన్ల కూడా ఏసినం, గప్పుడు ఎవ్వలు పట్టలే" అంటది. ఆఖరికి జీడిపప్పు పంపుతానని ఒప్పుకుంది. బాబాయ్, జీడిపప్పుతో ఏం కాదు కదా?

ఫార్మా_బాబాయ్ (బుధవారం, ఉదయం 6:35)

ఏం కాదు. కిలో పంపమను, సగం నాకు.